కప్పలు మంచివే, సలహాలే కాస్త చూసుకోవాలి

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ దగ్గరి పెట్ షాపు ఇది. మావాడి పోరు పడలేక రెండు ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పలు కొన్నాను. బొటనవేలి పొడవు కూడా ఉండవు. ఆరోగ్యంగానే ఇచ్చారు, చర్మం మీద బూజు లేదు, చురుగ్గా పైకొచ్చి గాలి పీల్చి దిగేవి. (నీళ్లలోనే బతుకుతాయి కానీ వీటికి ఊపిరితిత్తులు.) కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరని కొనేటప్పుడే చెప్పారు, అది మెచ్చుకోవాలి.

నెల తిరక్కుండానే ఆడదాని పొట్ట ఉబ్బింది. ఫొటో చూపిస్తే కౌంటర్లో కుర్రాడు "నీరు పట్టింది" అని 14 డాలర్ల సీసా అంటగట్టాడు. టెన్షన్‌తో ఇంటికొచ్చి దగ్గరగా చూశాను. నీరు పడితే ఒళ్లంతా బుడగలా బిగుస్తుంది, తిండి తగ్గుతుంది. ఇదేమో కింది భాగంలోనే బేరిపండులా ఉంది, వేసిన ఎర్రపురుగులన్నీ ఆవురావురుమని మింగుతోంది. ఆ రాత్రి మగది గుయ్‌మని సన్నగా పాడుతూ దాని నడుము పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. తెల్లారేసరికి నీటి మీద ఆవగింజల్లా గుడ్లు! నేను కాఫీ కలుపుకొచ్చేలోపు సగం అవే తినేశాయి. మిగిలినవి గరిటెతో వేరే గిన్నెలోకి తీశాం.

సీసా మూత తీయలేదు. వెనక్కిస్తే మాట్లాడకుండా డబ్బులిచ్చారు, అందుకే మూడు స్టార్లు.