క్లినిక్ ఆదాయానికి 44ఏడీఏ: ఏళ్ల తరబడి వాడాక

బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న జనరల్ క్లినిక్. పొద్దున ఆస్పత్రుల్లో విజిటింగ్ కన్సల్టేషన్, సాయంత్రం సొంత ప్రాక్టీసు. డాక్టర్లలాంటి వృత్తి నిపుణులు ఆదాయపు పన్నుకు లాభాన్ని అంచనాగా చూపించుకునే సెక్షన్ 44ఏడీఏ వచ్చిన కొత్తలోనే అందులోకి మారాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను.

ఏడాది ఫీజుల్లో సగం లాభమని చూపించి పన్ను కడతాం, మిగతా సగం ఖర్చు కిందికి పోతుంది. లెక్కల పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు, ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం చాలు. అద్దె, నర్సు జీతం, కరెంటు కలిపినా నా ఖర్చు సగానికి చేరదు కాబట్టి నాకు బాగా కలిసొచ్చింది. బిల్లుల సంచితో ఆడిటర్ చుట్టూ తిరిగే పనీ తప్పింది.

ఏడాది వసూళ్ల పరిమితి మొదట 50 లక్షలు. 2023-24 నుంచి 75 లక్షలు, కాకపోతే నగదు వసూళ్లు 5 శాతం దాటకూడదు. ఇక్కడ అదేం సమస్య కాదు, సాఫ్ట్‌వేర్ పిల్లలు జేబులో నోటు పెట్టుకోవడమే మానేశారు. మదనపల్లెలో ప్రాక్టీసు పెట్టిన మా బ్యాచ్‌మేట్‌కి మాత్రం ఆ 5 శాతమే తలనొప్పి.

అసలు టెన్షన్ ఏడాది ముగియకముందే కట్టే అడ్వాన్స్ ట్యాక్స్‌తోనే. మిగతావాళ్లలా నాలుగు వాయిదాలు లేవు, మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలి. ఆస్పత్రులు వృత్తి ఫీజులకు వర్తించే సెక్షన్ 194జే కింద 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసుకునే ఇస్తాయి, క్లినిక్ డబ్బుకు ఆ కోత ఉండదు. ఖాతాలో నిండుగా కనిపిస్తే అదంతా మనదే అనిపిస్తుంది. సగం ఆదాయం మీద 30 శాతం శ్లాబు అంటే వసూళ్లలో 15 శాతం, సెస్సుతో 15.6. అంచేత ప్రతి సోమవారం క్లినిక్ వసూళ్లలో 16 శాతం వేరే ఖాతాలోకి పంపేస్తాను. ఇంటికి నెలనెలా ఒకే మొత్తం, జీతంలాగా. డెంగీ రోజుల్లో క్లినిక్ కిటకిటలాడినా, వేసవి సెలవులకు జనం ఊళ్లకెళ్లి ఖాళీగా ఉన్నా మా ఆవిడ చేతికొచ్చేది మారదు. నన్నడిగితే పన్ను మిగలడం కన్నా ఇదే పెద్ద లాభం.

ఒక ఆస్పత్రి మార్చిలో టీడీఎస్ కట్టి, ఫీజు మాత్రం జూన్‌లో, అంటే మరుసటి ఆర్థిక సంవత్సరంలో ఇచ్చేది. మన పేరిట జమైన టీడీఎస్ చూపించే 26ఏఎస్ పత్రంతో బ్యాంకు లెక్క సరిచూసుకోవడం ఎలాగూ తప్పదు.

లోన్ మీద డెంటల్ చైరో, అల్ట్రాసౌండ్ మెషీనో కొన్నవాళ్లకు ఇది వద్దంటాను. తరుగుదల, వడ్డీ విడిగా చూపించుకోలేరు. లాభం సగం కన్నా తక్కువని చూపిస్తే పుస్తకాలు, ఆడిట్ మళ్లీ మొదలు. హోం లోన్‌కి వెళ్లే ఆలోచన ఉన్నా ముందే లెక్క వేసుకోండి. నా విషయంలో బ్యాంకు ఐటీఆర్‌లో చూపిన ఆ సగాన్నే ఆదాయంగా తీసుకుంది.