విజయవాడ దారిలో టియాగో ఈవీ, 2016 వ్యాగన్‌ఆర్: ఏది గిట్టుబాటు?

పెళ్లికని హైదరాబాద్ నుంచి రెండు కార్లలో విజయవాడ వెళ్లాం: ఒకటి కరెంటుతో నడిచే టియాగో ఈవీ, ఇంకోటి పాత పెట్రోల్ వ్యాగన్‌ఆర్. బెంజ్ సర్కిల్ దగ్గర లాడ్జిలో రోజుకు 2,600 పెట్టి గది తీసుకున్నది ఒకే ఒక్క మాట చూసి: ‘ఈవీ చార్జింగ్ కలదు’. అదే వీధిలో అంతే శుభ్రమైన గది 1,800కి దొరుకుతుంది. సెల్లార్‌లోకి దిగితే తెలిసింది, చార్జింగ్ అంటే లిఫ్ట్ పక్కన గోడకున్న 15 ఆంప్స్ సాకెట్ ఒక్కటే.

సాకెట్ అయినా ఫర్వాలేదు, పనిచేస్తే చాలు. టియాగోతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్ దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది, ఇరవై శాతం నుంచి ఫుల్ కావడానికి ఏడెనిమిది గంటలు. రాత్రి పెడితే తెల్లారేసరికి అయిపోవాలి. కానీ పెట్టగానే ఎర్ర లైటు. కారణం ఎర్త్ (షాక్ కొట్టకుండా కాపాడే తీగ) లేకపోవడం. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు, ఇక్కడ అరవై పైన చూపించింది. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది, దాని వెనక తీగ లేదు. జనరేటర్ గది దగ్గరున్న ఇంకో సాకెట్‌కి ఎర్త్ ఉంది గానీ దాని వెనక 10 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్). ఇరవై నిమిషాలకోసారి ట్రిప్ అయింది, మూడోసారికి ప్లగ్గు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. అక్కడితో ఆపాలి. వేడెక్కిన ప్లగ్గుని రాత్రంతా వదిలేస్తే సాకెట్ కరిగిపోతుంది.

మేనేజర్ని అడిగితే, “చార్జింగ్ ఉందనే రాశామండీ, ఎంతసేపట్లో ఎక్కుద్దని రాయలేదు కదండీ” అన్నాడు. పైగా బిల్లులో చార్జింగ్ ఫీజు 500. అరగంట వాదిస్తే 300 తగ్గించారు. పొద్దున పెళ్లి ముహూర్తానికి పట్టుచీర కట్టుకుని సిద్ధమైన వదిన, కారు బంకు దగ్గర చార్జింగ్‌లో ఉందని తెలిసి ఆటోలో వెళ్లింది. రెండు రోజులు బావతో సరిగ్గా మాట్లాడలేదు.

కాబట్టి ఈవీతో వెళ్లేవాళ్లు లాడ్జికి ముందే ఫోన్ చేసి మూడే అడగండి: సాకెట్ 15 లేదా 16 ఆంప్సేనా, ఎంసీబీ ఎంతది, ఎర్త్ ఉందా. ఎలక్ట్రీషియన్ని అడిగి చెప్తామంటే నమ్మొచ్చు. “అన్నీ ఉన్నాయండీ” అని వెంటనే అంటే ఫొటో పంపమనండి.

ఇక దారి సంగతి. రెండు కార్లూ ఒకే రోజు మియాపూర్‌లో బయల్దేరాయి. విజయవాడ దాదాపు 300 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ రెండిటికీ ఒకటే. నెలకోసారైనా ఈ దారిలో తిరిగేవాళ్లు 2025లో 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోవాలి. ఆ ధరకి 200 టోల్ క్రాసింగులూ వాడుకుంటే ఒక్కోటి 15 రూపాయలే పడినట్టు.

వ్యాగన్‌ఆర్ ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. నార్కట్‌పల్లి దాటాక టీ, మధ్యాహ్నానికి విజయవాడ.

టియాగో 24 యూనిట్ల బ్యాటరీ. ఏసీ వేసుకుని 85 వేగంతో నడిపితే కిలోమీటరుకు 0.12 యూనిట్. వంద శాతంతో బయల్దేరితే సూర్యాపేటకి 18 శాతం మిగిలింది. కంపెనీ చెప్పే రేంజ్‌ని హైవే మీద మరిచిపోండి, 190 దాటి లెక్క వేసుకోవద్దు. వంద దాటి తోలితే అదీ రాదు.

సూర్యాపేట హోటల్ దగ్గర 30 కిలోవాట్ల చార్జర్ యాప్‌లో పచ్చగా కనిపిస్తోంది, దగ్గరికెళ్తే స్క్రీన్ చీకటి. “నిన్నటి సంది అట్లనే ఉంది సార్” అన్నాడు వాచ్‌మన్. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది మెషీన్ పక్కన పుట్టగొడుగులా ఉండే ఎర్ర ఎమర్జెన్సీ బటన్. పిల్లలు ఆడుతూ నొక్కేస్తారు. దాన్ని బాణం గుర్తు వైపు తిప్పితే బయటికి వస్తుంది, రెండు మూడు నిమిషాల్లో మెషీన్ మళ్లీ లేస్తుంది. ఇక్కడ జరిగిందీ అదే, అయితే మనిషి దొరికి గేటు తాళం తీసేసరికి గంటంపావు పోయింది. చార్జింగ్ గన్ (కారుకు తగిలించే పిడి) పెట్టాక ఎర్రర్ వస్తే, కేబుల్ బరువుకి గన్ కిందికి వాలి పిన్నులు సరిగా తగలకపోయి ఉండొచ్చు. చార్జింగ్ మొదలయ్యేదాకా గన్‌ని కొంచెం పైకెత్తి పట్టుకోవాలి. యాప్ వాలెట్‌లో డబ్బులు ఇంట్లోనే వేసుకోండి, రోడ్డు మీద ఓటీపీ రాక నిలబడేవాళ్లు రోజూ కనిపిస్తారు.

18 నుంచి 90 శాతానికి 18 యూనిట్లు, గంటా పది నిమిషాలు. జీఎస్టీతో యూనిట్ 23.60 చొప్పున 424.80. ఇంటి దగ్గర ఎక్కించిన 27 యూనిట్లు (మూడు యూనిట్లు చార్జింగ్ అయ్యేటప్పుడు వేడిగా పోతాయి) 9.50 చొప్పున 256.50. మొత్తం 681. వ్యాగన్‌ఆర్ లీటరుకు 17 ఇచ్చింది, లీటరు 107.46 చొప్పున 1,896. అంటే ఈవీకి ఒకవైపు 1,215 మిగిలింది. అందులో లాడ్జికి అదనంగా పోయిన 800, ఆ 200 ఫీజు, అయిదుగురు సూర్యాపేటలో రెండున్నర గంటలు కూర్చుని తిన్నది తీసేస్తే ఏమీ లేదు.

ఇంటి యూనిట్ 9.50 ఏమిటని అడగొచ్చు. తెలంగాణలో ఇంటి వాడకం 300 దాటితే తర్వాతి యూనిట్లు 9, 400 దాటితే 9.50. కారు వాడే కరెంటు ఎప్పుడూ పై స్లాబులోనే పడుతుంది, అందుకే సగటు రేటుతో లెక్కేస్తే తప్పు.

హైవే ఒక్కటే చూసి ఈవీని తీసిపారేయడం అన్యాయం. దాని బలం సిటీలో ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది, అదే ట్రాఫిక్‌లో పాత పెట్రోల్ కారు లీటరుకు 14 ఇస్తే ఎక్కువ. సిటీ, హైవే కలిపి కిలోమీటరుకు ఐదున్నర రూపాయల తేడా వస్తుంది.

టియాగో ఆన్‌రోడ్ 9.60 లక్షలు పడింది. తెలంగాణలో ఈవీలకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కాబట్టి ఇంత, లేకపోతే ఇంకా పైనే. వ్యాగన్‌ఆర్ 3.10 లక్షలు, కొన్న వెంటనే టైర్లు, క్లచ్, లోయర్ ఆర్మ్‌లు, బ్యాటరీ, ఏసీ గ్యాస్‌కి 50 వేలు. తేడా 6 లక్షలు. దానికి 9 శాతం మీద ఐదేళ్ల లోన్ అంటే నెలకు 12,455, ఏడాదికి లక్షన్నర. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఇంధనంలో ఏడాదికి 66 వేలు, సర్వీసులో ఓ 14 వేలు మిగులుతాయి. లోన్‌లో సగమే. నెలకు 2,000 తిరిగితేనే ఈఎంఐకి సరిపోతుంది. ఐదేళ్ల తర్వాత ఈవీకి ఎక్కువ ధరే పలకొచ్చు, కానీ ఆ ధర మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకూడదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ల నష్టానికే) ప్రీమియం ఈవీకి 2,904, వ్యాగన్‌ఆర్‌కి 2,094. పాత కారుకి అది చాలనుకోవచ్చు, బ్యాటరీ ఉన్న కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ లేకుండా తిప్పడం ప్రమాదం.

అపార్ట్‌మెంట్‌లో సొంత ప్లగ్గు లేకపోతే ఈవీ మాట ఎత్తకండి. ఎప్పుడూ 23.60కి ఎక్కించుకుంటే కిలోమీటరుకు మూడు రూపాయలు, పైగా వారానికి రెండు సాయంత్రాలు చార్జర్ దగ్గరే.

పాత కారు కొనేటప్పుడు బంపర్ మెరుపు చూసి మోసపోకండి. చల్లటి ఇంజన్ మీద ఆయిల్ మూత తీసి చూడండి, లోపల మీగడలా తెల్లటి జిగురు ఉంటే కూలెంట్ కలుస్తోందేమోనని అనుమానించాలి. టైరు మీద చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం. విజయవాడలో కొంటే మరీ జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు లెక్కలేనన్ని బండ్లు మునిగాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, అడుగున బురద చార కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. స్టెప్నీ గుంట, ఫ్యూజ్ బాక్స్ లోపలి మూలలు ఎవరూ కడగరు, అక్కడా చూడండి. బేరం కుదిరాక పేరు మార్పిడికి ఫారం 29, 30, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35, తెలంగాణ బండిని ఆంధ్రకి తీసుకెళ్తే ఫారం 28. ఈ-చలాన్లన్నీ అమ్మేవాడితోనే కట్టించి, ఆ రసీదు చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.