డబ్బా మీద '12 వోల్టులు' అని చూసి పడవకి టీవీ కొంటున్నారా? కాస్త ఆగండి

పడవలో పెట్టుకోవడానికి చిన్న టీవీ వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను రెండు టీవీలు కొన్నాను. మొదటిది మూడు వారాలే బతికింది.

అది 22 అంగుళాలది. ప్రకటనలో పడవ క్యాబిన్ ఫోటో, దాని కింద '12 వోల్టులు, బోటులో, కారులో, ఎక్కడైనా' అని పెద్ద అక్షరాలు. పెట్టెలో గోడ ప్లగ్గుకి పెట్టే అడాప్టర్‌తో పాటు సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే వైరు కూడా వచ్చింది. టీవీ వెనక స్టిక్కర్ మీద చూసినా 12 వోల్టులు, 3 ఆంపియర్లు అనే ఉంది. బ్యాటరీ కూడా 12 వోల్టులదే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

నాలుగో వారంలో ఓ సాయంత్రం లంగరు వేసి టీవీ చూస్తున్నాం. బ్యాటరీ తగ్గిందనిపించి, టీవీ ఆపకుండానే ఇంజిన్ స్టార్ట్ చేశాను. స్క్రీన్ ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. మామూలుగా ఆపితే మూలన చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. అదీ లేదు. వెనక గాలి రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి చూస్తే మాడిన ప్లాస్టిక్ వాసన.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్నే 'అడాప్టర్‌తోనే వాడారా?' అని. లైటర్ వైరుతో బ్యాటరీకి పెట్టానని ఉన్నమాట చెప్పాను. అయితే వారంటీ వర్తించదన్నారు. కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'మేమిచ్చిన అడాప్టర్‌తో మాత్రమే వాడాలి' అని ఉంది, నిజమే. మరి ఆ వైరు పెట్టెలో పెట్టిందెవరండీ అంటే, అది ఉచితంగా ఇచ్చిన అదనపు వస్తువట, టీవీలో భాగం కాదట.

కడుపు మండి ఆ ప్లగ్గు మర తిప్పి విప్పాను. ఒక స్ప్రింగు, గోరంత ఫ్యూజు, రెండు వైర్లు. అంతే. వోల్టేజీని అదుపు చేసే సర్క్యూట్ మచ్చుకి కూడా లేదు. బ్యాటరీలో ఎంత ఉంటే అంతా నేరుగా టీవీలోకి పోతుందన్నమాట.

ఇక్కడే చాలామంది మోసపోతాం. 'ఇంటిపేరు కస్తూరివారు' సామెత లాంటిదే ఈ 12 వోల్టుల బ్యాటరీ కూడా. నిండుగా ఛార్జ్ అయి ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.7 వోల్టుల దాకా ఉంటుంది. సగం ఖాళీ అయితే 12.2 దగ్గరికి వస్తుంది. ఇంజిన్ నడుస్తూ ఛార్జ్ చేస్తుంటే 14.4 చూపించడం మామూలే. ఒడ్డున కట్టేసి ఛార్జర్ పెట్టినప్పుడు, అందులో ఈక్వలైజ్ చేసే (అప్పుడప్పుడు కావాలనే ఎక్కువ వోల్టేజీతో ఛార్జ్ చేసే) ఏర్పాటు ఉంటే 15 కూడా దాటుతుంది. స్టార్టర్ తిరిగే ఆ క్షణంలో మాత్రం 10 కిందికి కూడా పడిపోవచ్చు, ఆ వెంటనే ఎగురుతుంది. టీవీతో వచ్చే అడాప్టర్ అలా కాదు, ఎప్పుడూ కదలకుండా 12 ఇస్తుంది. స్టిక్కర్ మీద ఉన్న 12 ఆ అడాప్టర్ ఇచ్చే 12 అన్నమాట, బ్యాటరీది కాదు.

పక్క పడవలో మామూలు టీవీ నేరుగా బ్యాటరీకే పెట్టి ఏళ్లుగా చూస్తున్నారని మీరు అనొచ్చు. నాకూ అలాగే చెప్పారు. లోపలి సర్క్యూట్ కాస్త ఓర్చుకునే రకమైతే నడుస్తుంది. అది వాళ్ల అదృష్టం.

కొనేముందు చూడాల్సింది వోల్టేజీ పరిధి. '10 నుంచి 30 వోల్టులు' అనో, అలాంటిదేదో స్పష్టంగా రాసి ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. అలా లేకపోతే మధ్యలో స్టెబిలైజర్ కావాలి, అదీ బ్యాటరీ దిగినా ఎక్కినా 12 మాత్రమే బయటికి ఇచ్చే రకం. వోల్టేజీ తగ్గించడం మాత్రమే తెలిసినది కొంటే బ్యాటరీ దిగినప్పుడు టీవీ ఆగిపోతుంది. కొన్ని చిన్న టీవీల అడాప్టర్ 19 వోల్టులది ఉంటుంది, కాబట్టి దాని మీది అంకె కూడా చదవండి. అడాప్టరే లేకుండా కరెంటు వైరు తిన్నగా టీవీలోకి పోతుంటే, ఇన్వర్టర్ తప్ప గతి లేదు.

ఇన్వర్టర్ కథ కూడా చెప్పాలి. టీవీ పోయాక, పాతది ఒకటి తెచ్చి దాని అడాప్టర్‌ని ఇన్వర్టర్‌కి తగిలించాను. 30 వాట్ల టీవీ నేరుగా అయితే రెండున్నర ఆంపియర్లు తాగుతుంది. నా మీటర్ 3.6 చూపించింది. 12 వోల్టుల్ని ఇంటి కరెంటుగా మార్చి, మళ్లీ అడాప్టర్‌లో కిందికి దించితే రెండుచోట్లా నష్టమే కదా. టీవీ ఆపి ఇన్వర్టర్ ఆపడం మర్చిపోతే అదొక్కటే 0.6 తాగుతూ కూర్చుంటుంది. వరసగా రెండు రాత్రులు మర్చిపోయాను. మూడో రోజు పొద్దున తాళం తిప్పితే ఇంజిన్ టిక్కుటిక్కుమని ఊరుకుంది, ఎందుకంటే నాకున్నది ఒక్కటే బ్యాటరీ. టీవీకి, లైట్లకి ఒకటి, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి వేరే ఒకటి ఉండాలని అప్పటిదాకా ఎంతమంది చెప్పినా నా చెవికెక్కలేదు.

వైరు మందం కూడా చూసుకోండి. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కి ఎనిమిది మీటర్లు, రానుపోను పదహారు. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వేస్తే 3 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పైనే దారిలో పోతుంది. 2.5 వేస్తే అందులో మూడో వంతు. ఫ్యూజు బ్యాటరీ దగ్గర ఉండాలి, టీవీ దగ్గర కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది చవక స్టెబిలైజర్. టీవీ బాగానే నడిచింది. కానీ అది ఆన్ చేసినప్పుడల్లా, పడవల మధ్య మాటలకి వాడే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ బుసలు కొట్టేది. ఆపితే బుస పోయేది. ఆ 16వ ఛానల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రమాదంలో ఉన్నవాళ్లు పిలిచే ఛానల్. మనం సీరియల్ చూస్తుంటే పక్కన ఎవరి కేకో వినపడకుండా పోవచ్చు. కొత్తది బిగించిన రోజే రేడియో స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు బుసని నొక్కేసే మీట) తగ్గించి టీవీ ఆన్, ఆఫ్ చేసి వినండి. దిక్సూచి దగ్గర స్పీకరు పెట్టకండి, అందులో అయస్కాంతం ఉంటుంది.

షాపులో చూసేటప్పుడు నిలబడి చూడకుండా ఓసారి గొంతుక్కూర్చుని పైకి చూడండి. పడవలో మనం బెర్తు మీద పడుకునే చూస్తాం. కొన్ని ప్యానెళ్లు కింద నుంచి చూస్తే ఫోటో నెగెటివ్‌లా నల్లబడిపోతాయి. ప్యానెల్ రకం ఐపీఎస్ అని ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు. మీరు తిరిగే చోట డీవీబీ-టీ2 (యాంటెన్నాతో పట్టే డిజిటల్ టీవీలో కొత్త పద్ధతి) ప్రసారాలుంటే, పాత డీవీబీ-టీ ట్యూనర్ వాటిని పట్టదు.

రెండో టీవీకి ముందు ముగ్గురు అమ్మకందారులకి ఒకే ప్రశ్న రాసి పంపాను: 'ఇంజిన్ నడుస్తున్నప్పుడు నా బ్యాటరీలో 14.4 వోల్టులు ఉంటుంది. నేరుగా పెట్టి కాలిపోతే వారంటీ ఇస్తారా?' ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు 'ఏం కాదు సార్, పెట్టండి' అన్నారు, అదే రాసివ్వమంటే మాట్లాడలేదు. మూడోవారు వోల్టేజీ పరిధి ఉన్న పేజీ ఫోటో పంపారు. వాళ్ల దగ్గరే కొన్నాను.

మొదటి టీవీ ప్రకటన నిన్న కూడా చూశాను. అదే పడవ ఫోటో, పెట్టెలో అదే లైటర్ వైరు.