ఒలింపియా: హిట్లర్ ఉన్న ప్రింటా, తీసేసిన ప్రింటా?

1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద జర్మన్ దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన డాక్యుమెంటరీ 'ఒలింపియా' ఒక్క రూపంలో మిగల్లేదు. 1938 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజు నాడు, బెర్లిన్‌లో వేసిన ప్రింట్ ఒకటి. విదేశీ ప్రేక్షకుల కోసం తయారైనవి కొన్ని. యుద్ధం తర్వాత 1958లో పశ్చిమ జర్మనీలో మళ్లీ విడుదల చేయడానికి నాజీ షాట్లు తీసేసినది ఇంకొకటి. పరుగు నేర్చుకుంటున్న మా మేనల్లుడికి దీన్ని చూపించాలనుకున్నప్పుడు ఏ ప్రింట్ పెట్టాలో తేల్చుకోలేక చాలా ఆలోచించాను.

నేను మొదట చూసింది కోత పడిన ప్రింటే. హాయిగా సాగిపోతుంది. డైవింగ్ ఘట్టంలో ఈతగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాల్లోకి లేస్తుంటే, కాసేపటికి నీళ్లు కూడా కనబడవు, ఆకాశంలో ఎగిరే మనుషులే మిగులుతారు. జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాల వీరుడిగా నిండుగా కనిపిస్తాడు. నేల తవ్వి గుంటల్లో పెట్టిన కెమెరాలు, పట్టాల మీద పరిగెత్తే కెమెరాలు, నీటి అడుగు నుంచి తీసిన షాట్లు ఇవాళ్టి టీవీ ప్రసారాల్లో కూడా ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉన్నాయి. ఇది స్వచ్ఛమైన ఆటల సినిమా అనుకున్నాను, చాలాకాలం.

పూర్తి ప్రింట్ చూశాక ఆ అభిప్రాయం మారింది. అందులో హిట్లర్ ఉపన్యాసాలు దంచడు, కేకలు వేయడు. అదే అసలు సంగతి. మహిళల 4×100 రిలేలో జర్మన్ జట్టు ముందుంటుంది. చివరి అమ్మాయికి అందించేటప్పుడు బ్యాటన్ కింద పడిపోతుంది. వెంటనే హిట్లర్‌ను చూపిస్తారు. మన పక్కసీటు అభిమానిలా ఉసూరుమంటాడు. ఆ ఒక్క షాట్‌తో నియంత కాస్తా ఆటలంటే ప్రాణమిచ్చే పెద్దమనిషి అయిపోతాడు. ఆ వేసవిలోనే బెర్లిన్‌లోని వందలాది రోమా (జిప్సీ) ప్రజలను మార్త్సాన్ శిబిరానికి తరలించారు. నగరానికి ఉత్తరాన జాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరం కడుతున్నారు. హైజంప్‌లో జర్మన్ రికార్డును సమం చేసిన గ్రెటెల్ బెర్గ్‌మన్‌ను యూదురాలని జట్టులోంచి తీసేశారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇక కోత ప్రింట్‌లో ఆ షాట్లు పోతాయి కానీ పటారం ఎక్కడికీ పోదు. గ్రీకు శిథిలాల నుంచి బెర్లిన్ దాకా వచ్చే కాగడా, మచ్చలేని దేహాలు, ఉప్పొంగే జనం అన్నీ అలాగే ఉంటాయి. ఎవరి డబ్బుతో ఎవరి కోసం తీశారో చెప్పే ఆనవాలు మాత్రం చెరిగిపోతుంది. డబ్బు నాజీ ప్రభుత్వానిది. ఆ సంగతి బయటపడకుండా మధ్యలో ఒక కంపెనీని పెట్టారు. స్వతంత్రంగా తీశానని రీఫెన్‌స్టాల్ 2003లో చనిపోయేదాకా అంటూనే వచ్చింది. కోత ప్రింట్ ఆమె మాటకే సాక్ష్యం పలుకుతుంది. అందుకే నా ఓటు పూర్తి ప్రింట్‌కే. చిన్నపిల్లలకు హిట్లర్‌ను చూపిస్తే ఆకర్షణ పుడుతుందేమోనన్న భయం నాకూ ఉంది. అయితే ఒంటరిగా చూడనివ్వకూడదు, అంతే.

మూడో దారి కూడా ఉంది. అసలు దీన్ని పక్కనపెట్టి, 1964 టోక్యో ఒలింపిక్స్ మీద జపాన్ దర్శకుడు కోన్ ఇచికావా తీసిన 1965 నాటి 'టోక్యో ఒలింపియాడ్' చూపించడం. అదీ అధికారికంగా తీయించిన సినిమానే. తీరా చూశాక ఒలింపిక్స్ మంత్రికే నచ్చలేదు, ఇది జరిగినదాన్ని నమోదు చేసిన రికార్డు కాదు పొమ్మన్నాడు. ఎందుకంటే ఇచికావా ఓడినవాళ్ల దగ్గర ఆగిపోయాడు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయిన చాద్ దేశం నుంచి వచ్చిన ఒక రన్నర్ ఒంటరిగా కూర్చుని భోజనం చేయడాన్ని ఆ సినిమా అంత ఓపికగా చూపిస్తుంది. మనిషి మీద ప్రేమ కావాలంటే ఇదే మేలు, సందేహం లేదు. కానీ ప్రచారం ఎలా పనిచేస్తుందో ఇది నేర్పదు. అందుకే ఒలింపియా ముందు, టోక్యో తర్వాత.

మావాడికి పూర్తి ప్రింటే పెట్టాను. మారథాన్ వచ్చేసరికి వాడు ముందుకు జరిగాడు. రన్నర్ కాళ్లు, నీడ, పక్కనుంచి జారిపోయే చెట్లు, అలసటంతా మన ఒంట్లోకి వస్తుంది. గెలిచింది జపాన్ అని సినిమా చెబుతుంది.

"జపాన్ అంత బాగా పరిగెత్తేదా మావయ్యా?" అన్నాడు.

ఆ గెలిచినతను కొరియా వాడని, పేరు సోన్ కీ చోంగ్ అని, అప్పుడు వాళ్ల దేశం జపాన్ చేతిలో ఉందని ఏ ప్రింటూ చెప్పదు. సినిమా ఆపి, ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాను. మొదటిదాంట్లో అతను విజేత పీఠం మీద తల దించుకుని, బహుమతిగా ఇచ్చిన ఓక్ మొక్కను ఛాతీకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. రెండోది సియోల్ పత్రిక 'డాంగా ఇల్బో'లో వచ్చినది, అతని బనియన్ మీది జపాన్ జెండాను చెరిపేసి వేశారు. దానికి జపాన్ పాలకులు ఆ పత్రికను నెలల తరబడి మూయించారు.

మావాడు రెండు ఫొటోలనూ పెద్దవి చేసి చూసుకుని, "మారథాన్ మళ్లీ మొదటినుంచి పెట్టు" అన్నాడు.