పిస్టల్ మార్చడమా, సైట్ మార్చడమా: ఏది మేలు?

విశాఖలో ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టిన పిల్లలకు స్కోరు కాస్త కుదరగానే రెండు కోరికలు పుడతాయి. 25 మీటర్ల పోటీలో తూటాలతో కాల్చే .22 పిస్టల్ కూడా పట్టాలని ఒకటి. ఫోన్‌లో వీడియోలు చూసి, పిస్టల్ మీద గురి చూసే సైట్ తీసేసి, అద్దంలో ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ బిగించుకోవాలని ఇంకొకటి. "ఏదైనా మార్పు మార్పే కదా మాస్టారూ" అంటారు. కాదు. పిస్టల్ మారితే తడబడేది వేలు, సైట్ మారితే తడబడేది కన్ను. వేలు తొందరగానే మాట వింటుంది. కన్నుతోనే చిక్కు.

ముందు పిస్టల్ సంగతి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి, 25 మీటర్ల పిస్టల్‌ది 1000 గ్రాములు. అంటే సరిగ్గా రెట్టింపు. పోటీ నడిచే తీరు కూడా వేరు. ఎయిర్ పిస్టల్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఉంటాయి. 25 మీటర్ల ర్యాపిడ్ భాగంలో టార్గెట్ కనిపించేది 3 సెకన్లు, ఆ తర్వాత 7 సెకన్ల విరామం. ఆ 3 సెకన్లలోనే చెయ్యి పైకి లేవాలి, గుండు వెళ్లాలి.

రెండు వారాలు .22 మాత్రమే కాల్చి ఎయిర్ పిస్టల్ పట్టిన కుర్రాడిని పక్కనుంచి గమనించండి. చెయ్యి ఇంకా కుదురుకోకముందే షాట్ పేలిపోతుంది. వాడు ఉలిక్కిపడి పిస్టల్ వైపు అనుమానంగా చూస్తాడు. పిస్టల్‌కేం కాలేదు, వేలికింకా కిలో బరువే గుర్తుంది. దీనికి వైద్యం కూడా చవకే. తెల్ల గోడకు ఎదురుగా నిలబడి, పెల్లెట్ లేకుండా, అరగంట చొప్పున నాలుగు పూటలు డ్రై ఫైర్ చేస్తే వేలు దారికొస్తుంది.

ఒకే మనిషి రెండూ కాల్చగలడా అన్న అనుమానం అక్కర్లేదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 10 మీటర్లలోనూ, 25 మీటర్లలోనూ వ్యక్తిగత రజతాలు తెచ్చింది. 2024 పారిస్‌లో మను భాకర్ 10 మీటర్లలో కాంస్యం గెలిచి, 25 మీటర్లలో నాలుగో స్థానంలో నిలిచింది. ఇద్దరూ పిస్టల్ మార్చారు, సైట్ చూసే పద్ధతి మాత్రం మార్చలేదు. రెండు పోటీల్లోనూ ఉండేది ఓపెన్ సైటే, అంటే పిస్టల్ వెనక ఉన్న గాడిలోంచి ముందున్న దిమ్మెను (ఫ్రంట్ సైట్) చూసి గురిపెట్టేది.

ఓపెన్ సైట్‌లో చూపు ఫ్రంట్ సైట్ మీద నిలవాలి. టార్గెట్ మసకగానే ఉండాలి. కొత్తవాళ్లకు ఈ మాట ఎంత చెప్పినా నమ్మకం కుదరదు, నల్ల గుండ్రం స్పష్టంగా కనిపిస్తే తప్ప తగలదని వాళ్ల భయం. లెక్క వేసి చూపిస్తే తప్ప వినరు. ఎయిర్ పిస్టల్ రెండు సైట్ల మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లనుకోండి. ఫ్రంట్ సైట్ గాడిలో 1 మిల్లీమీటర్ పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో తేడా 31 మిల్లీమీటర్లు. పది మార్కులిచ్చే నడి వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ షాట్ ఏడుకు పడిపోతుంది. అదే సైట్లు సరిగ్గా ఉండి, చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగినా షాట్ పదిలోనే ఉంటుంది. .22లో అయితే సైట్ల మధ్య దూరం 220 మిల్లీమీటర్లు దాటకూడదు కాబట్టి ఈ పొరపాటుకు శిక్ష ఇంకా ఎక్కువ. చెయ్యి వణికిందని ఏడ్చే పిల్లల్లో చాలామంది వణికినందుకు కాదు, చూపు జారినందుకు మార్కులు పోగొట్టుకుంటారు.

రెడ్ డాట్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ చూపు టార్గెట్ మీద ఉంటుంది, ఎర్ర చుక్క దానంతటదే వచ్చి వాలుతుంది. హాయిగా ఉంటుంది, కాదనను. కదులుతూ వేగంగా కాల్చే ఐపీఎస్‌సీ పద్ధతి పోటీల్లో కొన్ని విభాగాలు దాన్ని అనుమతిస్తాయి కూడా. కానీ మన పిల్లలు దిగే రాష్ట్ర, జాతీయ పిస్టల్ పోటీలు అంతర్జాతీయ నిబంధనలనే పాటిస్తాయి, అందులో రెడ్ డాట్, లేజర్, టెలిస్కోప్ ఏవీ చెల్లవు. వారమంతా చుక్కతో కాల్చి శనివారం ఓపెన్ సైట్‌కు వస్తే, అలవాటు కొద్దీ చూపు ఫ్రంట్ సైట్‌ను దాటేసి టార్గెట్ మీదకు పరిగెడుతుంది. దాన్ని వెనక్కి లాగడానికి నాలుగు పూటలు సరిపోవు. రెడ్ డాట్ వల్ల ఒక్క మేలుంది: ట్రిగ్గర్ గుంజితే చుక్క ఎటు ఎగిరిందో పిల్లాడే చూస్తాడు. కోచ్ చెప్పనక్కర్లేదు. దానికి ఒక పూట చాలు, కొనే పని లేదు.

నలభై దాటి ఫ్రంట్ సైట్ మసకబారినవాళ్లు కూడా రెడ్ డాట్ వైపు చూస్తుంటారు. వాళ్లు ముందు కళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. దూరపు చూపు అద్దానికి సుమారు 0.50 పవర్ కలిపి షూటింగ్‌కు విడిగా కళ్లజోడు చేయించుకుంటే ఫ్రంట్ సైట్ అంచు మళ్లీ తేటపడుతుంది. చదువుకునే కళ్లజోడు ఇందుకు పనికిరాదు.

ఓపెన్ సైట్‌లోనే చిన్న మార్పులు మాత్రం నిశ్చింతగా చేసుకోవచ్చు. ఎండలో కాల్చేటప్పుడు గాడి వెడల్పు సర్దుకోవడం, సైట్ తళతళలాడితే కర్పూరం వెలిగించి మసి పట్టించడం, ఇలాంటివి. చూసే పద్ధతి అదే కాబట్టి కన్ను వీటిని పట్టించుకోదు.

.22 వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. దానికి లైసెన్స్ కావాలి, మందుగుండు ఖర్చూ ఉంటుంది, పైగా మన ఉప్పు గాలికి రోజూ నూనె గుడ్డతో తుడవకపోతే తుప్పు పడుతుంది. అందుకే చాలామంది క్లబ్ పిస్టల్‌తోనే నెట్టుకొస్తారు. అలాంటప్పుడు పిస్టల్ కన్నా ముందు ఆ మోడల్‌కు సరిపోయే చెక్క గ్రిప్ సొంతానికి కొనుక్కోండి. క్లబ్ గ్రిప్ విప్పి మీది బిగించుకోవచ్చు. ఆ గ్రిప్ మీ ఎయిర్ పిస్టల్ గ్రిప్‌తో కుదిరిందో లేదో తెలియాలంటే, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, ఆ తర్వాత కళ్లు తెరవండి. ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో లేకపోతే సైట్ స్క్రూల జోలికి వెళ్లకండి, గ్రిప్‌నే రాస్తూ, పుట్టీ పెడుతూ సరిచేసుకోండి. చెమట పట్టిన చేతితోనే సరిచూసుకోండి, మన ఊళ్లో మ్యాచ్ రోజున చెయ్యి ఎలాగూ అలాగే ఉంటుంది.