కోత యంత్రం లాభంలో కూలీకి ఏది మేలు: నగదా, వాటానా?

కొడవళ్లతో వరి కోసి, కట్టలు కట్టి, కుప్ప వేసి, కళ్లంలో నూర్చడానికి రోజులు పట్టేవి. కోత యంత్రం ఎకరం పనిని గంట, గంటన్నరలో ముగిస్తోంది. రైతుకు ఖర్చు తగ్గింది, యంత్రం అద్దె దాని యజమానికి చేరుతోంది, కూలి గింజలు మాత్రం కూలీల ఇళ్లకు రావడం లేదు.

ఈ లోటు పూడ్చే ఒక మార్గం నగదు సాయం. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, భూమిలేని ఉపాధి హామీ కూలీ కుటుంబానికి ఏడాదికి రూ.12,000 నిర్ణయించింది. నడుము వంచి పని చేయలేని వృద్ధులకు ఇలాంటి నగదే అక్కరకొస్తుంది. కానీ నెలకు వెయ్యి రూపాయలంటే కొద్ది రోజుల కూలితో సమానం. యంత్రాల ఆదాయం ఎంత పెరిగినా అది పెరగదు.

రెండోది యాజమాన్యం. మహిళా సమాఖ్యలే యంత్రాలు కొని అద్దెకిచ్చే కేంద్రాలలో, కోత పని కోల్పోయిన స్త్రీలకే ఆ అద్దెలో వాటా దక్కే వీలుంది. అయితే డీజిల్, మరమ్మతులు, బ్యాంకు వాయిదాలు ముందుగా తీరాలి. కోతల కాలమేమో కొద్ది వారాలే. పైగా లెక్కలు రాయగలిగిన ఒకరిద్దరి చేతిలోకే పెత్తనం జారిపోయే ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయినా నేను దీనివైపే మొగ్గుతాను, ఎందుకంటే అద్దె ఎంత ఉండాలో, యంత్రం ముందుగా ఏ పొలానికి వెళ్లాలో తేల్చే సమావేశంలో ఆ పొలంలో నాట్లు వేసిన స్త్రీలు కూర్చుంటారు.