హతులా, మృతులా? యుద్ధంలో పోయినవాళ్లను ఎలా లెక్కపెడితే మేలు?

చైత్ర మంగళవారం మా చంటిదాని పుట్టువెంట్రుకలు తీయించడానికి ఒడిశాలోని తారాతారిణి అమ్మవారి గుడికి వెళ్లి, తిరుగు దారిలో అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉన్న జౌగడ దగ్గర ఆగాం. ఆగుదామన్నది పోటీ పరీక్షలకు చదువుతున్న మా మేనల్లుడు. బరంపురంలోనే పుట్టి పెరిగినా వాడెప్పుడూ ఆ రాయి చూడలేదు. చాలాచోట్ల పెచ్చులూడిపోయిన బ్రాహ్మీ అక్షరాలు. "మామయ్యా, కళింగ యుద్ధంలో లక్షమంది పోయారని ఇందులో ఎక్కడుంది?" అన్నాడు.

ఇందులో లేదు. ఆ లెక్క ఉన్న పదమూడో శాసనాన్ని అశోకుడు కళింగలో చెక్కించలేదు, ఇటు జౌగడలోనూ లేదు, అటు ధౌలిలోనూ లేదు. చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికో, గుజరాత్‌లోని గిర్నార్‌కో పోవాలి. చావు జరిగిన ఇంట్లో తప్ప ఊరంతా చెప్పుకున్నట్టుంది.

అందులో 1,50,000 మందిని తరలించుకుపోయారని, 1,00,000 మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు మృతులయ్యారని ఉంది. చంపితే పోయినవాళ్లు వేరు, చనిపోయినవాళ్లు వేరు. బరంపురం చేరేదాకా మాకు ఇదే వాదన. హతులనే లెక్కపెట్టాలని వాడు, మృతులనూ కలపాలని నేను.

వాడి మాటలో పస లేకపోలేదు. హతుడికి పేరుంటుంది, కాగితం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయ సైనికులు సుమారు 87,000 మంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ రిజిస్టర్లలో పేరు పేరునా దొరుకుతారు. ఫ్రెంచి విప్లవంలో 1793-94 నాటి భీతావహ పాలన కింద కోర్టులు వేసిన మరణశిక్షలు 16,594 అని చరిత్రకారులు ఒకట్ల స్థానం దాకా తేల్చారు. "అంకె అంటే అలా ఉండాలి. ఆకలి చావులు, జబ్బు చావులు కలపడం మొదలెడితే ఎవడి పార్టీకి కావలసినంత వాడు పెంచుకుంటాడు" అన్నాడు.

నిజమే. కానీ ఆ 16,594లో విచారణే లేకుండా చంపినవాళ్లు, జైళ్లలో పోయినవాళ్లు లేరు. వాళ్లనీ కలిపితే 40,000 దాకా వెళ్తుంది. ఆ విప్లవ సర్కారు మీద ఫ్రాన్స్‌లోని వాందే ప్రాంతం చేసిన తిరుగుబాటులో పోయినవాళ్లు రెండు లక్షల దాకా ఉంటారని అంచనా, అది ఇంకో లెక్క. రష్యా సంగతి మరీ విచిత్రం. 1917 అక్టోబరు విప్లవంలో బోల్షెవిక్కులు అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌ను పట్టుకున్నప్పుడు చచ్చింది కొద్దిమందే. తర్వాతి అంతర్యుద్ధంలో 70 లక్షల నుంచి కోటి మంది అంటారు, అందులో ఎక్కువమందిని మింగింది టైఫస్ జ్వరం, ఆకలి. వాడి పద్ధతిలో చూస్తే అది రక్తం చిందని విప్లవం!

అంత దూరం ఎందుకు, 1943 బెంగాల్ చూడండి. బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరకకూడదని సర్కారే పల్లెల్లోని పడవలు లాగేసుకుంది. చేపలు పట్టేవాడికీ, ధాన్యం మోసేవాడికీ ఆ పడవే బతుకు. ధరలు ఆకాశానికంటాయి, కూలివాడి కంచం ఖాళీ అయింది. కరువు విచారణ కమిషన్ 15 లక్షల మంది పోయారంది, తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. ఆ 87,000 పేర్ల రిజిస్టర్‌లో వీళ్లలో ఒక్కరూ లేరు.

"పదిహేనా ముప్పయ్యా? రెట్టింపు తేడా ఉన్న లెక్కను ఎలా నమ్మేది?" అన్నాడు. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. రెండూ కలిపి ఒకే అంకె చెయ్యొద్దు, పక్కపక్కన రెండు గడుల్లో రాసుకో, మృతుల గడిలో ఇంత నుంచి ఇంత అని రాయి అన్నాను. నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. విప్లవానికేమో ఆకలి చావులన్నీ కట్టి, యుద్ధానికి తూటా చావులే కట్టి, ఏది ఘోరమో తేల్చేస్తుంటారు. ఒక పళ్లెంలో సేరు రాయి, ఇంకో పళ్లెంలో కిలో రాయి పెట్టి తూచినట్టు. ఏ పద్ధతైనా సరే, రెండింటికీ ఒకటే ఉండాలి కదా.

బస్సు దిగేముందు వాడి నోట్సులోకి తొంగి చూశాను. "హతులు 1,00,000" కింద గీత కొట్టి "మృతులు: ఎన్నో రెట్లు" అని రాసుకున్నాడు. పక్కనే బ్రాకెట్లో, పరీక్షలో రాదు, అని కూడా.